పూల చుక్కలు వాడుతున్నాను, మాత్రలు మానేయొచ్చా?

ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. వయసు 36. పేరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

తొమ్మిది నెలల కిందట ఆమె తల్లి ఆసుపత్రిలో పోయారు. ఆ రాత్రి ఊపిరి కాస్త కుదుటపడిందని, "మీరు ఇంటికెళ్ళి పడుకోండి, పొద్దున్నే రండి" అని నర్సు చెబితే ఈమె ఇంటికి వచ్చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి ఫోను వచ్చింది. అప్పటి నుంచి రోజూ ఇంచుమించు అదే వేళకు మెలకువ. ఇక నిద్ర పట్టదు, "నేనెందుకు వచ్చేశాను" అన్న మాటే బుర్రలో తిరుగుతుంది. అయిదు నెలల కిందట డాక్టరు డిప్రెషన్‌కి సెర్ట్రాలిన్ అనే మాత్ర 50 మి.గ్రా. మొదలుపెట్టారు. నెల తర్వాత, పూల మందుల మీద (పూలు ఉంచిన నీళ్ళని బ్రాందీతో పలచన చేసి తయారుచేసే చుక్కలివి) ఆసక్తి ఉన్న వదినగారు తొమ్మిది రకాలు కలిపి ఒక సీసా ఇచ్చారు. రెండు వారాల్లో మనసు తేలికపడింది. "ఇది పూల గుణమే. మాత్రలు వేసుకుంటుంటే పూలు పూర్తిగా పనిచేయవు" అని వదిన అనడంతో గత నెల ఈమె మాత్ర ఆపేశారు. మూడో రోజుకల్లా కళ్ళు తిరగడం, తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం, ఊరికే ఏడుపు. "లోపలి బాధ బయటికి వస్తోంది, మంచిదే" అన్నారు వదిన. భయమేసి అయిదో రోజు మాత్ర మళ్ళీ వేసుకుంటే రెండు రోజుల్లో అన్నీ సర్దుకున్నాయి. డాక్టరుకి ఇవేవీ చెప్పలేదు. భర్త "బ్రాందీ కలిపిన నీళ్ళకి ఇంత భక్తా?" అని నవ్వుతారు. ఆయన మూడు నెలలుగా తాగుడు మానేసి, మళ్ళీ తాగకుండా ఉండడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నారు. ఆయనకీ టీలో తెలియకుండా నాలుగు చుక్కలు వేయమని వదిన సలహా. ఏడేళ్ళ బాబుకి చీకటంటే భయం పట్టుకుంది, వాడికీ ఇవ్వాలనుకుంటున్నారు. మాత్రలు మానేసి పూలతోనే ఉండొచ్చా, వదినని నొప్పించకుండా ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

*

మీ ప్రశ్నల కంటే ముందు, ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన టీ సంగతి చెప్పాలి. ఆ చుక్కలు మీ వారికి వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే ఇవాళే ఆపి, ఆయన డాక్టరుకి చెప్పండి.

పూల మందు స్టాక్ సీసాలో, అంటే ఇంకా నీళ్ళలో కలపని అసలు సీసాలో, ఉండేది ఎక్కువగా బ్రాందీయే. చాలావాటిలో ఆల్కహాలు 27 శాతం దాకా ఉంటుంది. నాలుగు చుక్కలంటే దాదాపు 0.2 మిల్లీలీటరు, అందులో ఆల్కహాలు 0.05 మిల్లీలీటరు. మామూలు మనిషికి అది లెక్కలోకే రాదు. డైసల్ఫిరామ్ వాడే మనిషి సంగతి వేరు. ఆల్కహాలు ఒంట్లో అరిగేటప్పుడు మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పుడుతుంది. మామూలుగా ఒళ్ళు దాన్ని వెంటనే మరో రూపంలోకి మార్చేస్తుంది. ఈ మాత్ర ఆ మార్పునే అడ్డుకుంటుంది. దాంతో ముఖం ఎర్రబడి, తల పగిలిపోతూ, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. కొందరిలో రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ మాత్ర వాడేవాళ్ళని ఆల్కహాలు కలిసిన దగ్గు మందు, నోరు పుక్కిలించే మందు కూడా ముట్టుకోవద్దనేది అందుకే. నాలుగు చుక్కలకి ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఎంతకి ఏమవుతుందో మనిషిని బట్టి మారుతుంది, దాన్ని మీ వంటింట్లో పరీక్షించి చూడలేం. వేడి టీలో ఆల్కహాలు ఎగిరిపోతుందనుకోకండి, పూర్తిగా పోదు. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా దాని పని ఒంట్లో సాగుతూనే ఉంటుంది.

ఇంకొక మాట. మూడు నెలలుగా ఆయన గట్టిగా నిలబడ్డారు. తనకి తెలియకుండా ఇంట్లోనే బ్రాందీ చుక్క పడిందని రేపు తెలిస్తే, టీ గ్లాసు అందుకున్న ప్రతిసారీ ఆయనకి అనుమానమే. ఆయనకి పూల మందు ఇష్టమైతే గ్లిజరిన్‌తో చేసిన రకాలు ఉన్నాయి. లేబుల్ చదివి, డాక్టరుని అడిగి, ఆయనే తీసుకోవాలి. మీ సీసాలు కూడా ఆయన చేతికి అందే చోట ఉంచకండి. తాగుడు మానుకుంటున్న మనిషికి ఆ వాసనే చాలు.

ఇక మీ మాత్ర. జరిగినవాటిని తేదీల వరసలో పెట్టి చూద్దాం. సెర్ట్రాలిన్ లాంటి మందులు వేసుకున్న మర్నాడే పనిచేయవు. మార్పు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, బాగా తెలియడానికి ఆరు వారాలు కూడా పడుతుంది. మీకు చుక్కలు మొదలైంది మాత్ర మొదలెట్టిన నాలుగో వారంలో. మనసు తేలికపడింది ఆరో వారంలో. ఏ చుక్కలూ లేకపోయినా మాత్ర ప్రభావం కనిపించాల్సిన సమయమే అది. చుక్కలది అందులో వంతే లేదని నేననను, దాని సంగతి కింద చెబుతాను. కానీ పేరంతా పూలకి రాయడం మాత్రం లెక్క తప్పడమే.

గత నెల మీకు జరిగిందాన్ని "లోపలి బాధ బయటికి రావడం" అనరు. ఈ మందుని నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే కొన్ని రోజుల్లోనే వచ్చే లక్షణాలు అవి. కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండడం, చిరాకు, ఏడుపు, పీడకలలు, వికారం. ఇది డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. ఆ అయిదు రోజులూ మీరు చుక్కలు వేసుకుంటూనే ఉన్నారు. వచ్చినవాటిని అవి ఆపలేదు. మాత్ర వేసుకున్న రెండు రోజుల్లో తగ్గాయి. దీన్నిబట్టి మాత్రకి బానిసయ్యాననో, జబ్బు తిరగబెట్టిందనో కంగారుపడకండి. మందుకి అలవాటుపడిన నరాల వ్యవస్థ, అది ఉన్నట్టుండి లేకపోయేసరికి తడబడింది, అంతే.

తగ్గితే మందు గుణం, పెరిగితే రోగం బయటికి రావడం, అటూఇటూ కాకపోతే ఇంకా పట్టలేదు. ఇలా ఏం జరిగినా మందు గెలిచినట్టే చెప్పే మాటల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఏ వైద్యం విషయంలో విన్నా సరే.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, మాత్ర ఇప్పుడున్నట్టే కొనసాగించడం. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు, ముందే ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక. మీరు తేలికపడి మూడు నెలలు దాటిందంతే, పైగా తెల్లవారుజాము మెలకువ ఇంకా పోలేదు. రెండోది, నిజంగానే మానాలనుంటే ఆ మాటే డాక్టరుతో చెప్పి, వారాల మీద మోతాదు తగ్గించుకుంటూ రావడం. ఇందులో తిరగబెట్టే భయం కొంత ఉన్నా, కనిపెట్టి చూసే మనిషి ఒకరు ఉంటారు. మూడోది, మళ్ళీ మీ అంతట మీరే ఆపేయడం. అప్పుడు వచ్చే ఏడుపు మందు ఆపినందుకా, అమ్మ గుర్తొచ్చా, జబ్బు తిరగబెట్టా అన్నది మీకే కాదు, ఎవరికీ తేలదు. నేనైతే ఇప్పటికి మొదటి దారే మేలంటాను. ఏ దారి అయినా, ఆ అయిదు రోజుల సంగతి డాక్టరుకి చెప్పాల్సిందే. తిట్టరు, ఇది వాళ్ళు తరచూ వినే మాటే. ఇకముందు ఎప్పుడైనా ఒక పూట మాత్ర మరిచిపోతే, మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోకండి.

ఈలోగా అమ్మ దగ్గరికే వెళ్ళిపోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, లేదా రోజుల తరబడి తిండి, స్నానం కూడా భారమైతే, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాంటప్పుడు చుక్కల సీసా సరిపోదు.

ఇప్పుడు పూల గురించి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాచ్ అనే డాక్టరు (1886-1936) తన చివరి ఏళ్ళలో ఈ 38 మందుల వరసని తయారుచేశారు. ఇందులో రాక్ వాటర్ అన్నది అసలు పువ్వే కాదు, ఊట నీరు. సగానికి పైగా రకాలకి, పూలని గాజుగిన్నెలో నీళ్ళ మీద తేలేలా పరిచి మూడు గంటలు ఎండలో ఉంచుతారు. మిగతావాటిని, ముఖ్యంగా చెట్ల కొమ్మల్ని, అరగంట మరగబెడతారు. వడకట్టిన నీళ్ళకి అంతే బ్రాందీ కలిపితే మూల ద్రవం. దాన్నుంచి రెండు చుక్కలు 30 మిల్లీలీటర్ల బ్రాందీలో వేస్తే స్టాక్ సీసా. దాన్నుంచి రెండు చుక్కలు మరో 30 మిల్లీలీటర్ల నీళ్ళలో వేస్తే మీరు వాడే సీసా. ఇంత పలచన అయ్యాక అందులో పూల పదార్థం మిగిలేది బహు స్వల్పం. మీ సెర్ట్రాలిన్‌తో అవి గొడవపడకపోవడానికి కారణం అదే. మాత్ర పూలకి అడ్డొస్తుందన్న మాటకి ఆధారం లేకపోవడానికీ అదే కారణం. నిజానికి ఈ పద్ధతి పాటించేవాళ్ళే, మామూలు మందులతో పాటు వాడుకోవచ్చంటారు, వాటిని మానమనరు. వదినగారికి చెప్పాల్సి వస్తే ఈ మాట చెప్పండి.

పనిచేస్తాయా అంటే, నిజమే చెప్పాలి. 2010లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే పరిశోధకుడు అప్పటిదాకా జరిగిన క్లినికల్ ట్రయల్స్‌ని సమీక్షించారు. ఉత్తుత్తి మందుతో పోల్చి చూసిన ఏ ట్రయల్‌లోనూ పూల మందు దానికంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు. మీ వారి ఎగతాళిలో ఆ మేరకు నిజముంది. ఆయనకి కనిపించనిది ఇంకొకటుంది. సీసా కలపాలంటే ముందు "నాకేమవుతోంది?" అని అడిగి, దానికి సరైన పేరు పెట్టుకోవాలి. రోజుకి నాలుగుసార్లు చేతిలో పని ఆపి, ఆ పేరు గుర్తుచేసుకుని, ఒక నిమిషం మీ కోసం ఆగాలి. అమ్మ పోయాక మీరు అలా ఆగింది ఈ చుక్కలు వేసుకునేటప్పుడేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీకు కలిగిన మేలులో చుక్కల వంతు అక్కడుందని నా నమ్మకం. అది చిన్నదేమీ కాదు.

అయితే తొమ్మిది రకాలు కలిపిన సీసా ఆ పని సరిగ్గా చేయదు. ఆరేడు దాటకూడదని ఈ పద్ధతిలోనే చెబుతారు. తొమ్మిదంటే "అన్నీ ఉన్నాయి" అనడమే, ఏదీ తేల్చుకోకపోవడమే. మీ జాబితా చూడండి. మస్టర్డ్, అంటే అడవి ఆవ పువ్వు, కారణం లేకుండా మబ్బులా కమ్మే దిగులుకి చెప్పింది. మీ దిగులుకి కారణం మీకు బాగా తెలుసు, కాబట్టి అది తీసేయొచ్చు. మిములస్ పేరు పెట్టి చెప్పగల భయానికి, ఆస్పెన్ దేనికో తెలియని గుబులుకి. మాత్ర ఆపిన ఆ అయిదు రోజులు తప్ప మీ ఉత్తరంలో మీ భయం గురించి ఒక్క మాటా లేదు, రెండూ అక్కర్లేదు. ఆలివ్ ఒళ్ళు హూనమయ్యేలా శ్రమపడ్డవాళ్ళకి. మీ అలసట నిద్రలేమిది, మూలం అక్కడుంది. ఎల్మ్ నెత్తిన పడ్డ బాధ్యతలు మొయ్యలేక కుంగినప్పుడు, వాల్‌నట్ జీవితంలో పెద్ద మార్పు వచ్చినప్పుడు. అవి కావాలో వద్దో మీరే చూసుకోండి. కచ్చితంగా మీవి మూడే. ఉన్నట్టుండి తగిలిన దెబ్బకి స్టార్ ఆఫ్ బెత్లెహేమ్, ఆగకుండా తిరిగే ఆలోచనకి వైట్ చెస్ట్‌నట్, "తప్పు నాదే" అనే మనసుకి పైన్.

కలుపుకోవాలనుకుంటే, డ్రాపర్ ఉన్న 30 మిల్లీలీటర్ల గాజు సీసా తీసుకోండి. గాజు మాత్రం నీళ్ళలో మరగబెట్టి ఆరబెట్టండి. రబ్బరు బుడ్డిని వేడి సబ్బునీళ్ళతో కడిగితే చాలు, మరిగిస్తే పగుళ్ళు వస్తాయి. కాచి చల్లార్చిన నీళ్ళు మెడదాకా పోసి, ఆ మూడింటి స్టాక్ సీసాల నుంచీ రెండేసి చుక్కలు వేయండి. అదనంగా బ్రాందీ పోయనక్కర్లేదు, ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిలుస్తుంది. నాలుగు చుక్కలు, రోజుకి నాలుగుసార్లు. సాధారణంగా జరిగే పొరపాటు డ్రాపర్ కొసని నాలుకకి ఆనించడం. ఉమ్మి తగిలితే నాలుగైదు రోజుల్లో నీళ్ళు మసకబారతాయి, అడుగున జిగట పేరుకుంటుంది. అలా కనిపిస్తే పారబోసి కొత్తది కలపండి. ఎక్కువ చుక్కలు వేస్తే ఎక్కువ గుణం అన్నది ఇందులో లేదు.

ఇక్కడే ఒక ప్రమాదం చెప్పాలి. పూల పేరుతో దొరికేవన్నీ ఒకటి కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే పసుపు పూల మొక్కతో చేసిన మాత్రలు దిగులుకి మంచివని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అది నిజమైన మూలిక మందు. సెర్ట్రాలిన్‌తో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, జ్వరం, గుండెదడ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాగే లావెండర్ నూనెలాంటి సుగంధ తైలాల సీసాలూ ఇంతే ఉంటాయి, డ్రాపరూ ఉంటుంది. అవి నోట్లో వేసుకునేవి కావు, పిల్లలకి అసలే కూడదు. రెండు రకాలూ ఒకే అలమరలో పెట్టకండి.

బాబు సంగతి. "అమ్మమ్మ నిద్రలోకి వెళ్ళిపోయిందని చెప్పాం, అర్థం చేసుకున్నాడు" అని రాశారు. ఇంకో పేజీలో, వాడు పడుకునే ముందు "అమ్మా, నువ్వు పొద్దున లేస్తావా?" అని అడుగుతున్నాడనీ రాశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదవండి. వాడి భయం చీకటిది కాదు, నిద్రది. అమ్మమ్మ నిద్రపోయింది, లేవలేదు. అమ్మ కూడా రోజూ నిద్రపోతోంది. చీకటి భయం అనుకుని మిములస్ ఇస్తే, వాడు అడుగుతున్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ముందు మాట సరిచేయండి: "అమ్మమ్మకి పెద్ద జబ్బు చేసింది, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది, అందుకే చనిపోయింది. నిద్రపోతే ఎవరూ చనిపోరు. నిద్రలో ఊపిరి ఆడుతూనే ఉంటుంది, చెయ్యి పెట్టి చూడు." మీ పొట్ట మీద వాడి చెయ్యి పెట్టించి చూపించండి. ఒకసారితో తీరదు, మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ అదే చెప్పాలి. చిన్న లైటు ఒకటి వెలిగించి ఉంచండి. చుక్కలు ఇవ్వాలనే అనిపిస్తే ఆల్కహాలు లేని రకమే. ఇవ్వకపోవడమే నాకు ఇష్టం. భయం వేస్తే మాట కంటే ముందు సీసా గుర్తొచ్చే అలవాటు ఏడేళ్ళకే వద్దు. నెల దాటినా నిద్ర కుదరకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి.

వదినగారిని నొప్పించాల్సిన పని లేదు. ఆవిడ మీ కోసం కూర్చుని, మీ మాట విని, మీ చేతికి ఒకటి ఇచ్చారు. మిగతావాళ్ళు చేయని పని అది. "వదినా, సీసా వాడుతున్నాను, మూడు రకాలకి తగ్గించాను. మాత్ర సంగతి డాక్టరుగారు చూసుకుంటారు" అంటే చాలు, వాదం పెట్టుకోకండి. డైసల్ఫిరామ్ విషయం మాత్రం మొహమాటపడకుండా వివరంగా చెప్పండి. ఆవిడ ఇంకొకరికీ ఆ సలహా ఇచ్చే అవకాశముంది.

చివరికి పైన్ దగ్గరికి. మీ వదిన జాబితాలో దాన్ని తొమ్మిదోదిగా రాశారు. మీ ఉత్తరమంతా చదివితే అదే మొదటిది. ఆ రాత్రి మీరు అమ్మని వదిలేసి రాలేదు. ఊపిరి కుదుటపడిందని ఆసుపత్రి మనిషి చెబితే, పొద్దున్నే మళ్ళీ వచ్చి చూసుకోవాలంటే కాస్త నిద్రపోవాలి కనుక వచ్చారు. నాలుగింటికి ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు. రాత్రి పదింటికి మీకు తెలియదు. ఈ మాట నేను చెబితే తలకెక్కకపోవచ్చు. అందుకే ఒక పగటిపూట కాగితం తీసుకుని ఆ రాత్రిని గంటల వారీగా రాయండి. ఎన్నింటికి ఎవరు ఏం చెప్పారు, అమ్మ చివరిగా ఏమన్నారు, మీరు ఏం తెలిసి ఏం చేశారు. ఖాళీలుంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సునో డాక్టరునో అడగొచ్చు, చాలామంది చెబుతారు. చదివి వినిపించడానికి ఒక మనిషి కావాలి. అక్కయ్యో, మీ వారో, కౌన్సెలరో. రాత్రి నాలుగింటికి బుర్రలో తిరిగేదాన్ని పగలు కాగితం మీద చూస్తే, అందులో మీ తప్పు ఎక్కడుందో మీరే వెతుక్కోవాల్సి వస్తుంది.

తెల్లవారుజాము మెలకువ సంగతి డాక్టరుకి విడిగా చెప్పండి. డిప్రెషన్‌లో అదొక ముఖ్య లక్షణం, మోతాదు సరిపోతోందో లేదో తేల్చడానికి వాళ్ళకి పనికొస్తుంది. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కళ్ళు మూతలు పడుతుంటేనే మళ్ళీ పడుకోండి. ఎంత ఆలస్యంగా పట్టినా లేచే వేళ మార్చకండి. ఆ వేళకి నాలుగు చుక్కలు వేసుకోవాలనిపిస్తే వేసుకోండి. ఫోను మాత్రం పక్క గదిలో పెట్టి, గడియారం ముఖాన్ని గోడవైపు తిప్పి పడుకోండి.